మిల్లు డాక్టరుగా నేను రాసిన రెండు తప్పుడు కాగితాలు

నేను ముప్పైఒక్క సంవత్సరాలు తమిళనాడులోని రాజపాళయంలో ఒక నూలుమిల్లుకు డాక్టరుగా పనిచేశాను. ఆ మిల్లు కట్టించింది మా తాత. నేను ఉద్యోగంలో చేరేనాటికి అది మాది కాదు. మా నాన్న కాలంలోనే చేతులు మారింది. ఈ సంగతి గొప్ప కోసమో సానుభూతి కోసమో చెప్పడం లేదు. నా తప్పులు చాలావరకు ఇక్కడి నుంచే పుట్టాయి గనుక ముందే చెబుతున్నాను.

ఫ్యాక్టరీ డాక్టర్లుగా కొత్తగా చేరేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఈ పని కాలేజీలో ఎవరూ నేర్పరు. ఊపిరితిత్తుల పాఠం చివర పత్తిదుమ్ము గురించి నాలుగు వాక్యాలుంటాయి. పరీక్షలో అడగరు కాబట్టి ఎవరూ చదవరు. నేను చదివాను. చదివి కూడా తప్పు చేశాను. నాకు కప్పిన శాలువాల గురించి, రిటైరైన రోజు జరిగిన సభ గురించి ఇక్కడ రాయను. సేత్తూరు నుంచి రోజూ బస్సులో పనికి వచ్చిన పెరుమాళ్సామి అనే ఒక మనిషి గురించి, అతని ఊపిరి గురించి రాస్తాను. అతన్ని సమయానికి ఆ పని నుంచి తప్పించడం నా చేతిలో ఉండింది. రెండు వాక్యాల ఉత్తరం సరిపోయేది.

గేటు పక్క గది

నా గది మిల్లు గేటుకు ఎడమపక్క ఉండేది. ఒక బల్ల, రెండు బెంచీలు, బరువు చూసే మిషను, ఒక తెర. మిల్లు డాక్టరంటే తెగిన వేళ్ళకు కట్లు కట్టేవాడని జనం అనుకుంటారు. నేనూ మొదట్లో అదే అనుకున్నాను. వేలు తెగితే అందరూ పరుగెత్తుకొస్తారు. రక్తం కనిపిస్తుంది, మిషను ఆగుతుంది, మేనేజరుకు ఫోను పోతుంది.

దుమ్ము అట్లా కాదు. దుమ్ము వల్ల మిషను ఆగదు. మనిషి ఆగిపోవడానికి పదిహేనేళ్ళు, ఇరవై ఏళ్ళు పడుతుంది. అప్పటికి మేనేజరు మారి ఉంటాడు. డాక్టరు రిటైరై ఉంటాడు. ఆ మనిషి కూడా మిల్లులో ఉండడు, ఊళ్ళో మంచం మీద ఉంటాడు. అందుకే ఏ మిల్లు రికార్డులో చూసినా ఈ జబ్బు కనిపించదు. తళవాయిపురం పోయే బస్సెక్కి, దారిలో ఏ ఊళ్ళోనైనా దిగి, పాత మిల్లు పనివాళ్ళ ఇళ్ళు ఎక్కడని అడగండి. అక్కడ కనిపిస్తుంది.

ఇంకొక సంగతి. మిల్లు జీతం తీసుకునే డాక్టరుకు పనివాడు నిజం చెప్పడు. చెబితే పని పోతుందని అతని భయం. దానికి కోపం తెచ్చుకోకండి. అతను ఎందుకు దాస్తున్నాడో తెలుసుకోవడం మీ వైద్యంలో మొదటి మెట్టు. నాకైతే వాళ్ళు ఇంకొక కారణం వల్ల కూడా దాచారు. అది నేను మా తాత మనవణ్ణి కావడం.

తుండు

నూలుమిల్లు ఎరగని వాళ్ళకు బ్లోరూమంటే ఏమిటో చెప్పాలి. పత్తి బేళ్ళు మొదట వచ్చేది అక్కడికే. బేలు విప్పి, పత్తిని గుప్పిళ్ళతో విడదీసి మిషనులో వేస్తారు. మిషను దాన్ని చావబాది విత్తనపు ముక్కలు, ఆకుల పొడి, మట్టి రాలుస్తుంది. ఆ రోజుల్లో ఆ రాలినదంతా గదిలోనే తిరిగేది. మనుషుల కనుబొమలు, మీసాలు, చేతి వెంట్రుకలు తెల్లగా అయిపోయేవి. “మాకంతా ఒకే వయసు అయ్యా,” అనేవాడు అక్కడ పనిచేసే ఒకడు, “షిఫ్టు ఎక్కేటప్పుడు ముప్పై, దిగేటప్పుడు డెబ్బై.” నేను కూడా నవ్వేవాణ్ణి.

వాళ్ళు ముక్కుకు, మూతికి తుండు కట్టుకునేవారు. భుజం మీద వేసుకునే మామూలు తువ్వాలే. అయితే ఈ సంగతి నాకు చాలా ఏళ్ళ వరకు సరిగ్గా తెలియదు. ఎందుకంటే నేను రౌండుకు వెళ్ళగానే, గుమ్మంలో నన్ను చూసినవాడు చూసినట్టే తుండు విప్పి చంకలో పెట్టుకుని నిలబడేవాడు. మా తాత ముందు వాళ్ళ తండ్రులు అట్లాగే నిలబడ్డారు. పెద్దింటివాళ్ళ ముందు తలకైనా మూతికైనా గుడ్డ ఉంచుకోవడం మా ఊళ్ళో అమర్యాద. మిల్లు పోయినా ఆ అలవాటు పోలేదు. నేను మా తాతలాగే చేతులు వెనక్కి కట్టుకుని నడిచేవాణ్ణి. ఒక్కొక్కరి దగ్గర ఆగి ఊరు, వాన, పంట అడిగేవాణ్ణి. వాళ్ళు విప్పిన మొహాలతో జవాబు చెప్పేవారు. పది నిమిషాలు, ఒక్కోసారి ఇరవై. అది నాకు రావాల్సిన మర్యాదే అనుకున్నాను. మా కుటుంబానికి అప్పటికి మిగిలింది కూడా అదొక్కటే.

ఒకరోజు ఒకడు తుండు విప్పలేదు. మిషనులో చుట్టుకున్న పత్తిని లాగుతున్నాడు, చెయ్యి మోచేతి దాకా లోపల ఉంది. అతనే పెరుమాళ్సామి. మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే సేద్యగాళ్ళ కుటుంబం. అప్పటికి ముప్పై దాటి ఉంటుంది వయసు.

“ఏమయ్యా, ఎవరి ముందర ఉన్నావో తెలిసిందా? మూతికి గుడ్డ కట్టుకొనే నిలబడతావా?” అన్నాను.

అతను చెయ్యి గబుక్కున లాక్కుని తుండు విప్పాడు. “మన్నించల్ల అయ్యా. చెయ్యి లోపల చిక్కుకొని ఉండె. చూడలేదు.”

“పెరుమాళ్ అన్నకు కొత్త పెళ్ళికూతురు సిగ్గు అయ్యా,” అని పక్కవాడు అందుకున్నాడు, “మొహం అంత సులువుగా చూపించడు.” అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. ఆ తర్వాత ఎన్నేళ్ళయినా, నా చెప్పుల చప్పుడు వినగానే మొదట తుండు విప్పేవాడు అతనే.

ఆ తుండు సన్న దుమ్మును ఆపదని నాకు తెలుసు. ముతక దుమ్మును కొంత ఆపుతుంది, అంతే. నేను చేసిన హాని దానికంటే పెద్దది. మూతికి గుడ్డ కట్టుకున్న పదిమందిని రోజూ చూసి ఉంటే, ఎందుకు కట్టుకున్నారని ఎప్పుడో ఒకప్పుడు అడిగేవాణ్ణి. వాళ్ళు నోటితో చెప్పలేని ఫిర్యాదును ఆ గుడ్డ చెబుతూ ఉండింది. మర్యాద పేరుతో నేను దాన్ని విప్పించాను. మీరు రౌండుకు వెళ్ళినప్పుడు ఎవరైనా మీ కోసం పని ఆపినా, లేచినా, గది ఊడ్చినా, మీరు చూస్తున్నది వాళ్ళ రోజు కాదని గుర్తుపెట్టుకోండి.

శనివారం

పత్తిదుమ్ము జబ్బును బిస్సినోసిస్ అంటారు. దాని మొదటి గుర్తు విచిత్రంగా ఉంటుంది. సెలవు రోజు దుమ్ముకు దూరంగా ఉన్న ఊపిరితిత్తులు, మళ్ళీ పనిలో చేరిన మొదటి రోజే బిగుసుకుంటాయి. రెండో రోజు కొంచెం తగ్గుతుంది. వారం చివరికి సర్దుకున్నట్టు ఉంటుంది. ఏళ్ళు గడిచిన కొద్దీ ఆ బిగువు రెండో రోజుకు, మూడో రోజుకు పాకుతుంది. చివరికి సెలవు రోజున కూడా వదలదు. మొదటి దశలో మనిషిని దుమ్ములోంచి తీసేస్తే చాలావరకు కోలుకుంటాడు. చివరి దశలో తీసేసి ప్రయోజనం లేదు. మొత్తం వైద్యం ఈ రెండు దశల మధ్య ఉన్న కాలంలోనే జరగాలి.

పుస్తకంలో దీన్ని సోమవారం జబ్బు అని రాశారు. నేను సోమవారాలు జాగ్రత్తగా చూశాను. ఎవరూ రాలేదు. మా మిల్లులో ఈ జబ్బు లేదని తేల్చుకుని గర్వపడ్డాను కూడా.

మా మిల్లుకు వారపు సెలవు శుక్రవారం. కరెంటు సర్దుబాటు కోసం ఒక్కో మిల్లుకు ఒక్కో రోజు సెలవు పెట్టిన కాలం నుంచి అట్లా ఉండిపోయింది. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. నాకూ తెలుసు. శనివారం మధ్యాహ్నానికల్లా నా బెంచీలు ఎందుకు నిండుతున్నాయో మాత్రం నాకు తట్టలేదు. “శుక్రవారం తాగింది దిగలేదు డాక్టర్,” అనేవాడు మేనేజరు. నేను అదే రాసేవాణ్ణి.

ఒక శనివారం మధ్యాహ్నం పెరుమాళ్సామి వచ్చాడు. అప్పటికి అతను ఆ గదిలో చేరి పదకొండేళ్ళు.

“ఏమి?”

“నెంజు పట్టుకొని ఉండాది అయ్యా. పైన ఎవరో కూర్చున్నట్ల. మూచ్చు లోపలికి పోతాది, చాలదు.” నెంజంటే రొమ్ము, మూచ్చంటే ఊపిరి; మా ఊరి తెలుగులో తమిళం అట్లా కలిసిపోయి ఉంటుంది.

“నిన్న తాగినావా?”

“లేదయ్యా. నాకా అలవాటు లేదు.”

“అందరూ ఇదే చెప్తారు.”

అతని నోటి వాసన కూడా చూడలేదు. గొట్టం పెట్టి విన్నాను, సన్నగా ఈల వేసినట్టు ఉంది. ఎక్స్‌రే తీయించాను, శుభ్రంగా ఉంది. ఈ జబ్బు ఎక్స్‌రేలో కనబడదన్నది ఆ నాలుగు వాక్యాల్లోనే ఒక వాక్యం. సిక్ చీటీ మీద కారణం దగ్గర ఇంగ్లీషులో ‘మద్యపానం’ అని రాసి సంతకం చేశాను. ఇది నా మొదటి తప్పుడు కాగితం. అబద్ధమని తెలిసి రాయలేదు. తెలుసుకోవాలని అనిపించకుండా రాశాను. ఈ రెండింటిలో ఏది ఎక్కువ తప్పో ఇప్పటికీ నాకు స్పష్టంగా తెలియదు.

రెండు రోజుల తర్వాత తనే వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు.

“అయ్యా, చీటీలో నేను తాగినానని రాసినారంట. సూపర్‌వైజర్ చదివి నవ్వినాడు. మా ఊరి భజన మడంలో తాళం ఏసుకొంటా ముందు పాడేది నేనే అయ్యా. ఈ మాట ఊళ్ళో తెలిస్తే తాళం నా చేతికి ఇయ్యరు.”

“సరి, ఊళ్ళో ఎవరు చెప్తారు? పో.”

అతను పోలేదు. “ఇంకొకటి అడగల్ల. నన్ను ఆ గదిలోనుంచి తీసేయండి అయ్యా. ప్యాకింగులో ఏయండి, గేటులో ఏయండి. చీపురు ఇచ్చినా సరి.”

“ఎక్స్‌రే బాగుంది. ఏమి కారణం చెప్పి మార్చమని రాసేది?”

అతనికి కారణం తెలియదు. కారణం తెలియాల్సింది నాకు.

ఓబుళమ్మ

ఆ తర్వాతి శనివారం అతని భార్య వచ్చింది. పేరు ఓబుళమ్మ. పొలం పనులకు పోయే మనిషి. భర్త చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినట్టు వచ్చింది.

“అయ్యా, మా ఇంటాయన తాగినాడని రాసింది మీరేనా?”

“కూర్చోమ్మా.”

“కూర్చొనేదానికి రాలేదు. ఒకటి అడిగి పోయేదానికి వచ్చినాను. శుక్రవారం లీవు కదా, పొద్దున పొలములో దిగినాడంటే సాయంత్రం వరకు నీళ్ళు కడతాడు. ఒక్క దగ్గు లేదు. సాయంత్రం మడంలో గొంతెత్తి పాడతాడు. శనివారం మిల్లుకు వస్తాడు. బస్సు దిగి ఇల్లు చేరే లోపల మూడు తడవలు కూర్చుంటాడు. ఆదివారం కొంచెం తక్కువ. బుధవారానికి మనిషి సరిగా ఉంటాడు. మళ్ళీ శనివారం ఇదే కథ. సారాయి కడ దినమూ తెరిచే ఉండాది కదా అయ్యా? వారానికి ఒక్కనాడు మాత్రం పనిచేసే సారాయి ఏదో మీరే చెప్పండి. మా వీధిలో ఆడవాళ్ళంతా చేరి మొగుళ్ళకు అదే కొనిస్తాము.”

“ఊరుకోవే,” అన్నాడు పెరుమాళ్సామి, “అయ్య దగ్గర ఆ మాటలేంది?”

“నువ్వు ఊరుకో. నీకు మాట్లాడే మూచ్చు ఉంటే నేనెందుకు వస్తాను?”

నేను కలం కింద పెట్టాను. ఎం.బి.బి.ఎస్. చదివిన నాకు పదకొండేళ్ళుగా అందని చరిత్రను చదువులేని ఒక స్త్రీ ఒక్క నిమిషంలో చెప్పింది. మా మిల్లులో సోమవారం శనివారాన వస్తుంది. ఆమె వెళ్ళిపోయాక పాత సిక్ చీటీలు తీసి చూశాను. ఏ చీటీ తీసినా శనివారమే. ఏ చీటీ మీద చూసినా నా సంతకమే.

అందుకే చెబుతున్నాను. రోగిని ముందుగా అడగాల్సిన మాటలు మూడున్నాయి. ఏం పని చేస్తున్నావు, దానికి ముందు ఏం చేశావు, పని లేని రోజు ఎట్లా ఉంటావు. అతను చెప్పలేకపోతే ఇంట్లోవాళ్ళను పిలిపించండి. వాళ్ళు అతని ఊపిరిని రోజూ వింటున్నారు.

నా వంశం

మధురై వెళ్ళి, ఊపిరి బలం కొలిచే గొట్టం ఒకటి కొనుక్కొచ్చాను. గట్టిగా ఊదితే ముల్లు కదులుతుంది. నాలుగు శనివారాలు బ్లోరూము వాళ్ళను షిఫ్టు ఎక్కే ముందు ఒకసారి, దిగాక ఒకసారి ఊదించాను. దిగేటప్పుడు ముల్లు తక్కువే చూపించింది, దాదాపు అందరికీ. పెరుమాళ్సామికి అందరికంటే తక్కువ. అదంతా కాగితం మీద పెట్టి మేనేజరు దగ్గరకు తీసుకెళ్ళాను.

మేనేజరు కోయంబత్తూరు మనిషి. చెడ్డవాడు కాదు. తమిళంలో జరిగిన మాటలను తెలుగులో ఇస్తున్నాను. ఆయన కాగితం మొత్తం చదివాడు. పక్కన పెట్టలేదు, నవ్వలేదు.

“డాక్టర్, ఈ బ్లోరూము కట్టించింది ఎవరు?”

“మా తాత.”

“కిటికీలు అంత పైన, అంత చిన్నవిగా పెట్టించింది?”

“ఆయనే. గాలి కొడితే పత్తి ఎగురుతుందని.”

“అయితే మీ సంతకంతో ఇవ్వండి. మీ తాతగారు కట్టించిన గదిలో ఇన్నేళ్ళుగా మనుషుల ఊపిరి పోతోందని రాసి ఇవ్వండి. నేను పైకి పంపిస్తాను.”

నేను కాగితం వెనక్కి తీసుకున్నాను. సంతకం చేయలేదు. సొరుగులో పెట్టాను. పదకొండు నెలలు అది సొరుగులోనే ఉంది.

మేనేజరు నన్ను ఆపాడని ఆ రోజుల్లో నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజం కాదు. పంపిస్తానని ఆయన అన్నాడు. నన్ను ఆపింది మా ఇంటి హాల్లో తగిలించిన మా తాత పటం. ఊరికి అన్నం పెట్టినవాడని మా తాతను అందరూ చెప్పుకుంటారు. మిల్లు పోయింది, తోటలు పోయాయి, ఆ ఒక్క మాట మిగిలింది. దాని మీద నా చేత్తో గీత పెట్టలేకపోయాను. ఆ పదకొండు నెలలూ పెరుమాళ్సామి అదే గదిలో బేళ్ళు విప్పాడు.

తర్వాత ఒకరోజు అతను తలనొప్పి మాత్ర కోసం వచ్చి, వెళ్ళేముందు చెప్పాడు: “భజన తాళం వేరేవాళ్ళకు ఇచ్చేసినాను అయ్యా.”

“ఆ చీటీ సంగతి ఊళ్ళో తెలిసిందా?”

“ఛే, అదేం లేదు. ఒక వరుస పాడే లోపల రెండు తడవలు నిలుస్తాది మూచ్చు. పిల్లలు నవ్వుతారు. నేనే ఇచ్చేసినాను.”

ఆ సాయంత్రమే సంతకం పెట్టి ఇచ్చాను. పాత చీటీ నకలు మీద గీత కొట్టి అసలు జబ్బు పేరు రాశాను. మేనేజరు అన్నట్టే పైకి పంపించాడు. వారం తిరగకముందే పెరుమాళ్సామిని గేటు డ్యూటీకి మార్చారు. అంత సులువైన పని అది. దుమ్ము లాగే గొట్టాలు ఇంకో నాలుగేళ్ళకు వచ్చాయి. నూలు శుభ్రంగా లేదని కొనేవాళ్ళు అన్నందుకు వచ్చాయి, మనుషుల కోసం కాదు.

గేటు నా గది గోడకు అవతలే. ఆరేళ్ళు అతని దగ్గు ఆ గోడలోంచి విన్నాను. శనివారం, బుధవారం అనే తేడా అప్పటికి పోయింది. మా ఇంట్లో క్షమాపణ అడిగే అలవాటు లేదు. నేనూ అడగలేదు. అతను ఎదురుచూసినట్టూ కనబడలేదు. ఉదయం నేను రాగానే లేచి నిలబడేవాడు. కూర్చోమని చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది. చెప్పాక కూడా అతను కూర్చోలేదు.

రెండో కాగితం

అతను పని మానేసిన మూడేళ్ళకు మా మిల్లులో ఆడపిల్లలను చేర్చుకోవడం మొదలైంది. కొత్తవాళ్ళ ఒళ్ళు పరీక్షించి ఫిట్ అని రాయాల్సింది నేను. జాబితాలో ఒక పేరు మారీశ్వరి, ఊరు సేత్తూరు. ఆ అమ్మాయి రావాల్సిన ముందురోజు ఆమె తండ్రి వచ్చాడు. పెరుమాళ్సామి. గేటు నుంచి నా బెంచీ దాకా ఇరవై అడుగులు ఉంటుంది. అది నడిచి, కూర్చుని, మాట పెగలడానికి చాలాసేపు పట్టింది.

“అయ్యా, రేపు మా పాప వస్తాది. ఒళ్ళు బాగాలేదని రాసి పంపించేయండి.”

“ఏమి జబ్బు?”

“ఏమీ లేదు. రాయిలాగా ఉండాది.”

“అప్పుడు ఎట్ల రాసేది? నేను జీవితంలో అబద్ధం రాయలేదు పెరుమాళ్సామీ.”

అతను నా మొహం వైపు చూడలేదు. నేల వైపు చూస్తూ అన్నాడు: “నాకు రాసినారే అయ్యా.”

నేను బల్ల మీది జాబితా సర్దాను.

“అది తెలియక రాసినారు, పరవాలేదు,” అన్నాడు. “ఇది తెలిసి రాయండి. నేను చెప్తే వినదు. ఇల్లు ఎట్ల నడుస్తాది అని అడుగుతాది. మీ కాగితం అయితే వింటాది.”

మరునాడు మారీశ్వరి వచ్చింది. గొట్టం ఇస్తే ముల్లు చివరిదాకా ఊదింది. ఊది నవ్వింది. ఆమె కళ్ళ ఎదుటే ‘అన్‌ఫిట్’ అని రాశాను.

“నాకేమి రోగం సార్?” అని అడిగింది. మా ఊళ్ళో నన్ను అయ్యా అనకుండా సార్ అన్న మొదటి తరం వాళ్ళది.

“ఊపిరిలో కొంచెం అనుమానం ఉంది.”

“ఇప్పుడే కదా సార్ ఊదినాను? మీరే చూసినారు కదా?”

“దుమ్ములో పని నీకు పడదమ్మా. వేరే పని చూసుకో.”

“చూసుకో అంటే? మీరు చూపిస్తారా?” కాగితం మడిచి పిడికిట్లో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆమె అడిగింది ఎగతాళిగా. కాని అది నేను నిజంగా జవాబు చెప్పాల్సిన ప్రశ్న. ఆమెకు వేరే పని చూపించే శక్తి నాకు ఉండింది. మా బంధువులవి ఊళ్ళో నాలుగు కడలు, అంటే దుకాణాలు, ఉన్నాయి. ఒకరి దగ్గరకు పోయి పని ఇప్పించమని అడగడం నాకు తలవంపు అనిపించింది. ఒక ప్రాణం కాపాడానని సంతృప్తిపడి ఊరుకున్నాను.

సత్రపట్టి

రిటైరైన తర్వాత వారానికి ఒకరోజు సత్రపట్టిలో ఒక మిత్రుడి క్లినిక్‌లో కూర్చుంటున్నాను. ఆ చుట్టుపక్కల పొలాలూ ఉన్నాయి, ఆసుపత్రి కట్లగుడ్డ నేసే మగ్గాలూ ఉన్నాయి. చిన్న చిన్న షెడ్లు. లోపల మగ్గాల కింద, దూలాల మీద దూది పేరుకుని ఉంటుంది. నేను జీవితమంతా గాయాలకు చుట్టిన గుడ్డ అట్లాంటి చోట తయారవుతుందని ఎన్నడూ ఆలోచించలేదు.

రెండేళ్ళ కిందట అక్కడికి ఒక ఆమె దగ్గుతో వచ్చింది. నేను గుర్తుపట్టలేదు. ఆమె గుర్తుపట్టింది.

“నేను సేత్తూరు పెరుమాళ్సామి కూతురు సార్. మారీశ్వరి.”

“ఏం పని చేస్తున్నావమ్మా?”

“కట్లగుడ్డ షెడ్డులో. మగ్గాల కింద దూది తీసేది, గుడ్డ చుట్టేది. ఆరేళ్ళు అయ్యింది. ఆడ ఎవరూ కాగితం అడగలేదు సార్.”

విన్నాను. సన్నగా ఈల. ఊదించాను. ముల్లు సగం దగ్గర ఆగింది.

“మీరు ఆ దినము రాసిన రోగం ఇప్పుడు నిజంగానే వచ్చిందా సార్?” అని అడిగింది. కోపంగా అడగలేదు. తెలుసుకోవడానికే అడిగింది.

వచ్చిందని చెప్పాను. ఆ పని మానేస్తే తగ్గే దశలోనే ఉందని చెప్పాను. ఈసారి వేరే పని చూపిస్తానని కూడా చెప్పాను. నా వయసులో మొదటిసారి ఒక బంధువు ఇంటి గుమ్మంలో నిలబడి అడిగాను. చూద్దామన్నాడు. ఇప్పటికీ చూద్దామనే అంటున్నాడు. షెడ్డు యజమానితోనూ మాట్లాడాను. టీ ఇప్పించాడు, దూది లాగే ఫ్యాను పెట్టిస్తానన్నాడు, పెట్టించలేదు. ఆమె ఇంకా అక్కడే ఉంది.

కొత్త డాక్టర్లు ఇది వినండి. మనం రాసే కాగితం మనిషిని ఒక దుమ్ములోంచి తీసి బయట పెడుతుంది, అంతే. ఆమె ఎక్కడికి పోతుందో కాగితంలో ఉండదు. దుమ్ము ఉన్నచోటనే ఉంటుంది. దుమ్మును ఆపించలేనివాడు కనీసం ఆ మనిషి వెనకాల నాలుగు అడుగులు నడిచి, ఎక్కడ చేరిందో చూడాలి. నేను చూడలేదు.

ఆ రోజు క్లినిక్‌లో లేచేముందు మారీశ్వరి నన్ను ఒకటి అడిగింది.

“నాన్న దగ్గర చెప్పొద్దు సార్. జవుళి కడలో పని అని చెప్పి ఉన్నాను. అమ్మకు తెలుసు. ఆయనకు వద్దు.”

తర్వాతి వారం సేత్తూరు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే సరిగ్గా తెలియదు. చెప్పడానికని బయలుదేరి ఉంటాను. పెరుమాళ్సామి మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరి ఆడదు. నన్ను చూసి లేవబోయాడు. భుజం మీద చెయ్యి వేసి ఆపాను. అంత ఎముక నా చేతికి తగులుతుందని అనుకోలేదు. ఓబుళమ్మ గుమ్మం దగ్గర నిలబడి నా మొహమే చూస్తూ ఉంది.

అతను ఒక్కొక్క మాటకు ఆగి ఆగి మాట్లాడాడు.

“పాప… జవుళి కడలో ఉండాది అయ్యా. మీ కాగితం వల్ల… తప్పించుకొన్నది.”

నేను మంచం పక్కన కూర్చున్నాను.

“పెద్ద కడంట. పైన ఫ్యాను… ఉంటాదంట. కూర్చొనేదానికి… స్టూలు ఇస్తారంట. మీరు ఆ పక్కకు… పోయినప్పుడు చూసినారా?”

ఓబుళమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“చూసినాను,” అన్నాను. “ఫ్యాను ఉంది. స్టూలు కూడా ఉంది.”

అతను తల ఊపి కళ్ళు మూసుకున్నాడు. తర్వాతి ఊపిరి కోసం మేము ముగ్గురం ఎదురుచూశాము.